జవాబు పుస్తకంలో లేనప్పుడు

నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల నుంచి టీచర్ శిక్షణకు వెళ్లే పిల్లలు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు. “ఊరికి ఏదైనా చెయ్యాలనుంది సార్, ఎక్కడ మొదలుపెట్టాలి?” దూబగుంట కథ తెలుసుకోమంటాను.

కలిగిరి మండలంలోని ఆ ఊళ్లో, అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో రాత్రిబడి నడిచేది. పగలంతా కాయకష్టం చేసిన ఆడవాళ్లు వచ్చి అక్షరాలు దిద్దేవాళ్లు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుడు కూల్చిన సంసారం అది. చదివినవాళ్లకు అది తమ ఇంటి కథే అయింది. అదే ఊరి రోశమ్మతో కలిసి వెళ్లి సారా దుకాణం మూయించారు. 1992లో ఆ నిప్పు జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకు తర్వాత జరిగిందే గొప్పగా తోస్తుంది. నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి దాస్తూ పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు. నెలకు 30 రూపాయలే. కానీ ఆ 30 తమ చేతుల్లో ఉంది. ఊరి కష్టం తీర్చడానికి ఊరివాళ్లే సంస్థ కట్టుకునే ఇలాంటి పనినే ఇవాళ సామాజిక వ్యవస్థాపన అంటున్నారు.

పాఠం చెప్పేవాళ్లను ఆ దారికి తిప్పేది జాలి అని నేననుకోను. జాలి త్వరగా అలిసిపోతుంది. ఎదుటివాళ్లు అడిగినదానికి జవాబు పుస్తకంలో దొరకనప్పుడే గురువు కాలు బడి గడప దాటుతుంది.

ఉదాహరణకు, టీచర్ శిక్షణలో ఉన్న మీకు ఉదయగిరిలో టీచింగ్ ప్రాక్టీస్ పడిందనుకోండి. లాభనష్టాల లెక్కకు పుస్తకంలోని పళ్ల వ్యాపారి అక్కర్లేదు. కొండకర్రతో చెంచాలు, గరిటెలు చెక్కే ఇళ్లు అక్కడున్నాయి. భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం వాళ్లది. కర్రకెంత అయింది, చెక్కడానికి ఎంతసేపు పట్టింది, చేతికెంత వచ్చింది? పిల్లలను ఇంట్లో అడిగి రమ్మనండి. మర్నాడు బోర్డు మీద ఆ అంకెలే వెయ్యండి. పడ్డ కష్టానికి కూలి కూడా కట్టండి. “మరి ఇంత తక్కువకెందుకు అమ్ముతున్నాం సార్?” అని ఏ పిల్లయినా అడిగితే, ఆ ప్రశ్నను గంటతోపాటు వదిలేయకండి. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, వాళ్లమ్మ ముందు కూర్చుని, అదే లెక్క మళ్లీ మొదటి నుంచి వెయ్యండి.