శీతలపేటికయు విద్యుద్వ్యయమును



ఆదిలాబాదు, కరీంనగరు ప్రాంతముల పల్లెలలో నేడు శీతలపేటిక, అనగా ఫ్రిజ్, అనేక గృహములందు చేరినది. దానిని గూర్చి రెండు మాటలు తరచుగ వినవచ్చుచున్నవి. తలుపు మాటిమాటికి తీసినచో మీటరు గిర్రున తిరుగునని యొకటి. పేటిక నిండిన కొలది కరెంటు ఎక్కువ కాలునని రెండవది. ఇందు నిజమెంతయో లెక్కవేసి చూతము.

ఈ లెక్క మనకు అక్కరలేనిది కాదు. 2024వ సంవత్సరమున ప్రారంభమైన గృహజ్యోతి పథకము ప్రకారము అర్హులగు కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితము. ఆ హద్దు దాటిన నెలలో మొత్తము యూనిట్లకును వెల చెల్లింపవలసివచ్చును. వేసవిలో హద్దునకు చేరువనుండు ఇంటికి అయిదు యూనిట్లును చిన్నవి కావు.

ఫ్రిజ్ చలిని పుట్టించునది కాదు. మోట బావినీటిని తోడినట్లు, అది లోపలి వేడిని తోడి వెలుపల పోయును. తోడవలసిన వేడి యెంతయో ఖర్చును అంతయే. ఈ వేడి మూడు దారుల లోనికి వచ్చును: గోడల గుండ, తెరచిన తలుపు గుండ, మనము పెట్టు వస్తువులతో. గోడల గుండ వచ్చునది రేయింబవళ్లు ఆగదు. సాధారణముగ అదియే పెద్ద భాగము.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ చల్లార్చుటకు ఒక కిలోక్యాలరీ వేడిని తీయవలెను. ఒక యూనిట్ విద్యుత్తు 860 కిలోక్యాలరీలకు సమానము. యంత్రము తాను తీసికొన్న విద్యుత్తునకు రెండింతల వేడిని తోడునని అంచనాగ గ్రహించినచో, యూనిట్‌కు 1,720 కిలోక్యాలరీలు తోడును.

తలుపు సంగతి: 200 లీటర్ల పేటికలోని గాలి బరువు పావు కిలో మాత్రమే. అదంతయు పోయి 35 డిగ్రీల గాలి నిండినను, దానిని 5 డిగ్రీలకు తెచ్చుటకు రెండు కిలోక్యాలరీలు చాలును. గాలిలోని తేమను కూడ కలిపి అయిదనుకొందము. దినమునకు ఇరువదిమార్లు తెరచినను నూరు కిలోక్యాలరీలు. నెలకు రెండు యూనిట్లు దాటదు.

నీటి సంగతి: దినమునకు 10 లీటర్ల నీటిని 35 నుండి 5 డిగ్రీలకు చల్లార్చుటకు 300 కిలోక్యాలరీలు, నెలకు అయిదు యూనిట్లకు పైన. తలుపు కంటె లోపల పెట్టు వేడియే బరువైనదని దీనివలన తెలియుచున్నది.

ఇక నిండుదనము. చల్లబడిన వస్తువును మరల చల్లార్చ నక్కరలేదు. నిండిన పేటికలో గాలి తక్కువ. తలుపు తీసినపుడు పోవునదియు తక్కువ. కరెంటు పోయినపుడు చల్లదనము ఎక్కువసేపు నిలుచును. అయితే వస్తువుల నడుమ గాలి తిరుగుటకు సందు విడువవలెను.

కావున ఈ క్రింది పద్ధతుల నవలంబింపుడు:

1. కాచిన పాలు, కూరలు మొదట నీటిపళ్లెరములో ఉంచి, చల్లారిన వెంటనే మూతపెట్టి లోపల ఉంచుడు. గంటలకొలది బయట విడిచినచో చెడును.
2. పొడియెండల కాలమున త్రాగునీటిని రంజన్‌లోనే ఉంచుడు. దానికి యూనిట్ లేదు.
3. తలుపు రబ్బరు నడుమ కాగితము పెట్టి మూయుడు. సులువుగ జారివచ్చినచో రబ్బరు మార్పింపుడు. ఆ సందు తలుపువలె మూతపడదు. ఎల్లపుడు తెరచియే యుండును.
4. పేటికను పొయ్యి చెంతను, ఎండ తగులు చోటను పెట్టకుడు. వెనుక గాలి ఆడనిండు.
5. మంచు మందముగ పేరుకొన్నచో కరగింపుడు, కత్తితో గీకరాదు.

మా మాటనే నమ్మనక్కరలేదు. ఒక వారము త్రాగునీరు ఫ్రిజ్‌లోను, మరువారము రంజన్‌లోను ఉంచి, తక్కిన వాడుక మార్పక, మీటరు అంకెలను వ్రాసికొనుడు. ఆ కాగితమును తదుపరి సంఘ సమావేశమునకు తెచ్చినచో పదిమందికి మేలు కలుగును.