పందికొక్కు ప్రయాణము

ఆంగ్లమునుండి తెలుగులోనికి వచ్చిన పదములను లెక్కించుట మనకు అలవాటే. తెలుగునుండి ఆంగ్లమునకు వెళ్లిన మాట ఒక్కటి చెప్పుమన్నచో తరగతిలో నిశ్శబ్దము ఆవరించును. అట్టి మాట గుమ్మడిదల పొలముల గట్లలోనే బొరియ చేసికొని యున్నది. అది పందికొక్కు. ఆంగ్ల నిఘంటువులో దాని పేరు బాండికూట్.

ఈ పదమును ఆంగ్లేయుడు విడదీయజాలడు. బాండి యననేమి, కూట్ యననేమి? తెలుగు పల్లె బాలునకు మాత్రము అతుకు వెంటనే కనబడును. కొక్కు అనగా పెద్ద ఎలుక. వినాయకునకు కొక్కురౌతు అను పేరు అందుచేతనే వచ్చినది. పంది వంటి కొక్కు పందికొక్కు. ఉపమాన పూర్వపద కర్మధారయ సమాసమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు దొరకలేదు. పోలికయు ఊరకనే పుట్టలేదు. బిరుసు వెండ్రుకలు, నేలను త్రవ్వు స్వభావము, బెదరినపుడు చేయు గుర్రుమను ధ్వని, ఇవన్నియు రాత్రివేళ వరిచేనికి కావలియున్న రైతు గమనించియే యుండును. మన ఉర్దూ మిత్రులు దీనిని ఘూస్ అందురు. ఆ మాటకు లంచమను అర్థము కూడ కలదు. రెండును లోలోపల గుల్లచేయునవే!

యూల్, బర్నెల్ పండితుల హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు 1886లోనే ఈ పదమునకు మూలము తెలుగని స్పష్టముగ చెప్పినది. పకారము బకారమైనది. ఆంగ్లేయులకు కూట్ అను నీటిపక్షి పేరు పరిచితమే గనుక చివరి కకారము టకారమైనదని నా ఊహ. కట్టుమరము అను తమిళ సమాసము కాటమరాన్ అయిన తీరును ఇట్టిదే. ధ్వని ఓడ యెక్కినది. అర్థము ఒడ్డుననే నిలిచిపోయినది.

అర్థము విడిపోయిన పేరును దేనికైనను తగిలింపవచ్చును. ఆస్ట్రేలియాలో పొడుగు మూతి గల ఒక జంతువును చూచి తెల్లవారు దానికిని బాండికూట్ అనియే పేరు పెట్టిరి. అది ఎలుకయే కాదు. కంగారువలె పిల్లలను సంచిలో పెంచునది. అయినను మన జంతువునకు అన్యాయము జరుగలేదు. శాస్త్రజ్ఞులు దాని ప్రజాతికి బాండికోటా అను నామము నిలిపిరి. లాటిన్ వేషము వేసినను లోపల తెలుగే.

2018లో తిరువనంతపురమున మురుగు గుంతలలోనికి ఒక యంత్రమును దింపిరి. మనుష్యుడు ఆ విషవాయువులలో దిగి ప్రాణము కోల్పోకుండుటకై కేరళ యువ ఇంజనీర్లు నిర్మించిన యంత్రమది. దాని పేరు బాండికూట్. పత్రికలో ఆ వార్త చదివిన మా విద్యార్థి యొకడు, "ఇది ఏ దేశపు మాట, సార్?" అని అడిగెను. ఈ వ్యాసము అతనికి సమాధానము.