తాగుడు మానిన తర్వాత



తాగుడుకు బానిసైన మనిషి బయటపడాలంటే రెండు పనులు జరగాలి. ఒంట్లోని మద్యం దిగాలి. మళ్లీ దాని జోలికి వెళ్లకుండా బతకడం అలవాటు కావాలి. మొదటిది ఆస్పత్రిలో సాధారణంగా వారం పది రోజుల పని. రెండోదానికి నెలలు, ఏళ్లు పడతాయి, పదిమంది తోడు కావాలి. చాలా కుటుంబాలు మొదటిదానితోనే గండం గడిచిందనుకుంటాయి.

ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవారు ఉన్నపళంగా మానేస్తే ప్రాణం మీదకు రావచ్చు. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేని మనుషులు, పురుగులు కనిపిస్తాయి. అందుకే మానడం డాక్టరు కనుసన్నల్లో జరగాలి. అక్కడ బి1 విటమిన్ కూడా ఇస్తారు. అది బాగా లోపిస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

తర్వాత తాగాలన్న యావను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులున్నాయి. డైసల్ఫిరామ్ తీరు వేరు. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది. మనిషికి తెలియకుండా దాన్ని సాంబారులోనో మజ్జిగలోనో కలపడం ప్రాణాంతకం కావచ్చు. విషయం బయటపడిన రోజున ఇంట్లో నమ్మకమూ పోతుంది.

ఈ మందులకు తోడు కౌన్సెలింగ్ ఉండాలి. 1983లో విలియం మిల్లర్ వివరించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతిలో కౌన్సెలర్ మందలించడు, ఒట్టు వేయించుకోడు. ఎందుకు మానాలో ఆ మనిషి నోటనే వచ్చేలా అడుగుతాడు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఏ వేళ, ఏ స్నేహం, ఏ గొడవ తాగుడు వైపు లాగుతోందో పసిగట్టడం నేర్పుతుంది. జీతం అందిన సాయంత్రం వైన్ షాపు లేని దారిలో ఇంటికి రావడం అలాంటి జాగ్రత్తే. లోపల దిగులు, ఆందోళన ఉంటే వాటికీ అదే సమయంలో వైద్యం జరగాలి.

అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులు చుక్క ముట్టనివారు, మాల తీయగానే మళ్లీ మొదలుపెట్టడం తెలుగు ఊళ్లలో తెలిసిన సంగతే. దీక్షలో భక్తితో పాటు వేళకు స్నానం, పూజ, తోటి స్వాముల సాంగత్యం, ఊరి గౌరవం ఉంటాయి. మాలతో పాటే ఆ కట్టుబాటూ, ఆ సాంగత్యమూ పోతాయి. ఆ లోటు తీర్చేదే తోటివారి బృందం. 1935లో అమెరికాలోని అక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ ఎనానిమస్‌లో ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉండటమే అక్కడి లక్ష్యం. కుటుంబాల కోసం 1951లో అల్-అనాన్ ఏర్పడింది.

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో వచ్చే మానసిక స్థితులనూ మానసిక అనారోగ్యంగానే గుర్తిస్తుంది. ప్రభుత్వ వైద్యం పొందడాన్ని హక్కుగా చెబుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడతారు. మత్తు విముక్తికి 14446 నంబరు ఉంది.

కోలుకునే దారిలో చాలామంది ఒకటి రెండుసార్లు జారతారు. ఆ రోజు పరువు పోయిందని దాచిపెట్టే ఇల్లు మనిషిని మళ్లీ సీసా దగ్గరకే పంపుతుంది. వెంటనే డాక్టరు దగ్గరకు, బృందం దగ్గరకు తీసుకెళ్లే ఇల్లు అతణ్ణి నిలబెడుతుంది.