కృష్ణాముఖద్వారమునందలి అభయారణ్యము

మన తాడేపల్లి కృష్ణానదికి దక్షిణపు గట్టున నున్నది. సీతానగరము రేవున నిలిచినవారు ప్రకాశము బ్యారేజికి ఎగువను నిండుగా నిలిచిన నీటిని, దిగువను ఇసుకదిబ్బల నడుమ సన్నగా పాఱు నీటిని చూచియే యుందురు. ఈ నీరు ఎక్కడికి పోవునని చిన్న తరగతి బాలు నడిగినచో “సముద్రమునకు” అని వెంటనే చెప్పును. ఉత్తరము సరియైనదే. కాని నది సముద్రములో కలియుచోట నేమున్నదని మఱల నడిగినచో పెద్ద తరగతులవారు సహితము ఊరకుందురు. అచ్చట నొక వింతయైన అడవి కలదు. మనము దినదినము చూచు నీటికిని ఆ యడవి బ్రదుకునకును సంబంధము కలదు. కావున దానినిగూర్చి కొంత తెలిసికొందము.

ఉనికి: విజయవాడను దాటిన కృష్ణ పులిగడ్డయొద్ద రెండుగా చీలును. తూర్పుపాయ దివిసీమను చుట్టి హంసలదీవి చెంత సముద్రమును చేరును. రెండవది దక్షిణముగా సాగి మఱికొన్ని పాయలై బంగాళాఖాతమున కలియును. ఈ పాయల నడుమను, మొగల యొద్దను నున్న బురదనేలలలో సొర్లగొంది, నాచుగుంట, ఏలిచెట్లదిబ్బ మొదలగు రక్షితారణ్యములు కలవు. 1989వ సంవత్సరమున ప్రభుత్వమువారు సుమారు 194 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును కృష్ణా వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. అప్పుడది కృష్ణా, గుంటూరు జిల్లాలలో నుండెను. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడిన పిదప గుంటూరు వైపు భాగము ఆ జిల్లాకు చెందినది.

మడచెట్లు: మిరపచేనికిని ప్రత్తిచేనికిని ఉప్పునీరు తగిలినచో పైరు మాడిపోవునని మన రైతుబిడ్డలకు వేఱుగ చెప్ప నక్కరలేదు. అట్టి నీటిలోనే మడచెట్లు పచ్చగా పెరుగుచున్నవి. ఇది యెట్లు సాధ్యమగును? దినమునకు రెండుమారులు సముద్రపు పోటు పాయలలోనికి ఎక్కును. రెండుమారులు పాటు తీయును. పోటువేళ చెట్ల మొదళ్లు మునుగును. పాటువేళ బురద బయటపడును. ఆ బురదలో గాలి మిక్కిలి తక్కువ. వేళ్లకును గాలి కావలయును గదా! అందువలన తెల్లమడ, నల్లమడ యను చెట్లు తమ వేళ్లనుండి పెన్సిళ్లవంటి మొనలను బురదపైకి నిటారుగా పంపును. వీనిని శ్వాసవేళ్లందురు. ఒక్క చెట్టు చుట్టును ఇట్టివి వందలకొలది నిలిచియుండును. పీల్చిన ఉప్పును ఈ చెట్లు ఆకుల ద్వారమున వెలిపుచ్చును. ఎండవేళ మడ ఆకుపై తెల్లని పొడివలె కానవచ్చునది ఆ యుప్పే.

ఉప్పుపొన్న చేయు నుపాయము వేఱు. దాని గింజ చెట్టుననే మొలకెత్తి, మునగకాయవలె పొడవుగా వ్రేలాడి, పిదప రాలి బురదలో నాటుకొనును; లేదా నీటిపై తేలుచు పోయి దూరపు గట్టున వేరూనును. తిల్లచెట్టు పాలు కంటబడినచో చూపునకు హాని కలుగును గనుక దాని కొమ్మను విఱువరాదు.

జంతువులు, పక్షులు: ఇచ్చటి జంతువులలో ముఖ్యముగ చెప్పవలసినది నీటిపిల్లి. దీనినే బావురుపిల్లి యనియు నందురు. ఇది యింటిపిల్లికి రెండింతలుండును. బూడిదవన్నె మేనిపై నల్లని చుక్కలు, చారలు నుండును, తోక పొట్టిది. పిల్లులు నీటిని ఒల్లవని మన మనుకొందుము. ఇదియన్ననో నీటిలో దిగి యీదుచు చేపలను పట్టును. దాని కాలివ్రేళ్ల నడుమ నీదుట కనువగు చర్మము కొంత కలదు. రాత్రివేళ సంచరించును గనుక చూపరులకు కనబడుట అరుదు. బురదలోని అడుగుజాడలను చూచియే తృప్తి నొందవలయును. దీని సంఖ్య తగ్గుచున్నందున వన్యప్రాణి సంరక్షణ చట్టమునందలి మొదటి షెడ్యూలులో దీనిని చేర్చిరి. నీరుకుక్కలు, నక్కలు, ఉడుములు కూడ ఈ యడవిలో కలవు.

కొంగలు, నీటికాకులు, లకుముకిపిట్టలు, గరుడపక్షులు ఏడాది పొడుగునను కనబడును. చలికాలమున ఉత్తరదేశములనుండి ఉల్లంకులు మొదలగు వలసపక్షులు వచ్చి, పాటువేళ బురదలోని పురుగుల నేరుకొని తినును. నీటిని విడిచి బురదపై గెంతు చిన్నచేపలును, ముందరికా లొకటి మిక్కిలి పెద్దదిగా నుండి దానిని చేయి యూపినట్లు ఊపుచుండు పీతలును పిల్లలకు మిగుల వేడుక కలిగించును.

సముద్రపుటొడ్డున ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి మొదలు మార్చి వరకు గుడ్లు పెట్టును. తల్లి రాత్రివేళ వచ్చి, గుంట త్రవ్వి, సుమారు నూఱు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి మరలిపోవును. ఇంచుమించు 50 దినములకు పిల్లలు వెలువడును. ఇసుక వేడి యెక్కువైనచో ఆడపిల్లలును, తక్కువైనచో మగపిల్లలును ఎక్కువగ పుట్టును. వెలుతురున్న దిక్కే సముద్రమని తలంచి ఆ పిల్లలు ప్రాకును. తీరమున దీపములు వెలిగించినచో దారితప్పి చచ్చును.

చూడబోవువారికి: తాడేపల్లినుండి నదిని దాటి అవనిగడ్డ మీదుగ గాని, తెనాలి, రేపల్లె, పెనుమూడి మీదుగ వంతెన దాటి గాని నాగాయలంక చేరవచ్చును. అటనుండి పడవపై పాయలలో పోవలయును. అటవీశాఖవారి యనుమతి ముందుగ పొందవలయును. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు అనువైన కాలము. త్రాగునీరు, భోజనము వెంట గొనిపోయి, కాగితపు ముక్కయైనను అచ్చట విడువక మరల తేవలయును. బిగ్గరగ మాటలాడినచో పక్షులు లేచిపోవును. ఆటబొమ్మలు, అంగళ్లు కోరి పోయినవారికి నిరాశయే. ఊరక కూర్చుండి చూడనేర్చినవానికి మాత్రము పోటు పాటుల నడుమ ఒక పూట ఒక గ్రంథమంత బోధించును.

ప్రయోజనము: రొయ్యలు, చేపలు, పీతలు పసితనమున మడవేళ్ల నడుమనే దాగి పెరుగును. యానాదులును తీరపు బెస్తలును వీనిపై జీవించుచున్నారు. అంతకంటె ముఖ్యమైన మేలొకటి కలదు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై పెనుతుపాను వచ్చి, సముద్రము సుమారు ఐదు మీటర్ల యెత్తున ఊళ్లపై పడి, పదివేల ప్రాణములను గొన్నది. ఆ దినమును పెద్దలు నేటికిని కన్నీటితో చెప్పుదురు. 1999లో ఒడిషా తీరమున పెనుతుపాను వచ్చిన పిదప కేంద్రాపడ జిల్లాలో పరిశోధకులు లెక్కించి చూడగా, వెడల్పైన మడ అడవి అడ్డుగ నున్న గ్రామములలో చావులు తక్కువయని తేలినది. అడవి తుపాను నాపజాలదు. కెరటపు బలమును విఱుచును.

అపాయము: మనుష్యులు కట్టెలకై మడను నఱికిరి. తీరమున రొయ్యలచెఱువులు వ్యాపించెను. 1996లో సుప్రీముకోర్టు వానిని అరికట్ట నాజ్ఞాపించెను. కంటికి కనబడని అపాయము వేఱొకటి కలదు. మడచెట్టునకు ఉప్పునీటితోపాటు మంచినీరును, నది తెచ్చు ఒండ్రును కావలయును. 1855లో ముగిసిన ఆనకట్టయు, దానికి బదులు 1957లో పూర్తియైన ప్రకాశము బ్యారేజియు, ఎగువనున్న నాగార్జునసాగరము, శ్రీశైలము జలాశయములును మన పొలములను పండించినవి. ఆ మేలును మఱువరాదు. కాని యా మేరకు సముద్రమును చేరు నీరును ఒండ్రును తగ్గినవి; తీరము కొన్నిచోట్ల కోసుకొని పోవుచున్నది. మన పంటయు ఆ యడవియు ఒక్క నీటినే కోరుచున్నవి. ఎవరి భాగ మెంత యను ప్రశ్నకు ఉత్తరము వెదకవలసినవారు నేటి విద్యార్థులే.

నిరాశకు చోటులేదు. అటవీశాఖవారును, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారును గ్రామస్థులతో కలిసి, పాడైన నేలలలో చేపముల్లువలె చిన్నచిన్న కాలువలు త్రవ్వించి పోటునీటిని లోనికి రప్పించిరి. అచ్చట మడ మరల చిగిర్చినది.

బాలబాలికలారా! సీతానగరము రేవున మనము పాఱవైచిన ప్లాస్టిక్ సంచి వరదనాడు బ్యారేజి తలుపులు దాటి, ఏదో యొక శ్వాసవేరునకు చుట్టుకొనవచ్చును. ఈసారి రేవునకు పోయినపుడు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనుడు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు:
1. మడచెట్టు గాలి కొఱకును, ఉప్పును వెలిపుచ్చుటకును చేయు నుపాయము లెవ్వి?
2. తీరపు దీపములు తాబేలుపిల్లల కెట్లు హాని చేయును?
3. నదినీటిలో పొలమునకెంత, సముద్రమునకెంత? మీ యింటి పెద్దల నడిగి, వారి యభిప్రాయమును పది పంక్తులలో వ్రాయుడు.