ఇటుకలు చేసినవారి పండుగ

పాస్కా అనగానే మనకు గొఱ్ఱెపిల్ల రక్తము, ఎఱ్ఱసముద్రము గుర్తుకు వస్తాయి. ఇటుకలు గుర్తుకు రావు. కాని నిర్గమకాండము మొదటి అధ్యాయములోనే యిస్రాయేలీయులు అడుసు తొక్కి ఇటుకలు చేసినవారని ఉన్నది. ఐదవ అధ్యాయములో ఫరో గడ్డి ఇవ్వడం మానివేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు.

యూదులు నేటికీ పాస్కా రాత్రి పొంగని రొట్టెలు, చేదుకూరలతోపాటు పండ్లు, గింజలు కలిపి నూరిన ముద్ద ఒకటి బల్లమీద పెడతారు. అది ఆ ఇటుకల అడుసుకు గుర్తు. ఇంటిలోని చిన్నవాడు ప్రశ్నలు అడుగుతాడు. పెద్దలు అది పితరుల కథ అని ఊరుకోరాదు, తామే ఐగుప్తునుండి బయటపడినట్లు తలచుకోవాలి. అందుకే వారి రబ్బీలు కొందరు ఈ పండుగనాడే నేటి బానిసల మాట ఎత్తుతున్నారు.

ఆ మాట మనకు దూరమా? రెజిమెంటల్ బజారునుండి నాలుగడుగులు వేస్తే సికింద్రాబాదు స్టేషను. ఏటా దీపావళి దాటాక ఒడిశాలోని బలంగీరు, నువాపడా జిల్లాలనుండి పిల్లాపాపలతో, మూటలతో కుటుంబాలు రైలు దిగి ఇటుక బట్టీలకు పోతాయి, కొందరు నగరం చుట్టుపక్కలకు, కొందరు పెద్దపల్లి వైపుకు. సర్దారు అనే మధ్యవర్తి ఊళ్లోనే అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఇక వెయ్యి ఇటుకలకు ఇంతని కూలి కట్టి, ఆ బాకీలో కోసుకుంటూ వానలు పడేదాకా పని. యజమానులందరూ దుర్మార్గులని నేను అనను. కాని బాకీ తీరేవరకు కదలరాదన్నచోట అది కూలి కాదు, వెట్టి. పాస్కా వచ్చే మార్చి, ఏప్రిల్ నెలలలో ఆ బట్టీలు నిండుగా మండుతుంటాయి.

1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం అటువంటి బాకీని రద్దు చేసింది. కనీస వేతనంకన్న తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరియేనని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విడుదలైన పురుషునికి 1 లక్ష, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన సందర్భాలలో 3 లక్షల రూపాయలు ఇవ్వాలని 2016లో కేంద్రం పథకం మార్చింది. అయితే ఆ సొమ్మును నిందితునికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము చూడండి. ఏడవ యేట విడిచిన బానిసను వట్టిచేతులతో పంపరాదు, మందలోనుండి, కళ్లములోనుండి, ద్రాక్షగానుగలోనుండి ఇచ్చి పంపాలి. అక్కడ కోర్టు తీర్పుకోసం కాచుకోవడం లేదు. ఈ విషయంలో మోషే చట్టమే మెరుగని నాకు తోస్తుంది.

మీరు ఇల్లు కట్టుకుంటున్నారా? ఇటుక ఏ బట్టీదో, అక్కడ పనివారు తమ ఇష్టాన వెళ్లిపోగలరో లేదో అడగండి. అనుమానముంటే కలెక్టరుకు గాని ఆర్.డి.ఓ.కు గాని వ్రాయండి. చిన్నపిల్లలు పనిలో కనబడితే 1098కి ఫోను చేయండి.