ఆమె మాట ఒక్కటే ఉంటే కేసు నిలుస్తుందా?

మనుషుల అక్రమ రవాణా కేసుల్లో సాక్ష్యం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

ప్రశ్న: పని ఇప్పిస్తామని మా అమ్మాయిని పుణె తీసుకెళ్లి అమ్మేశారు. పోలీసులు విడిపించారు. వాళ్లకు చెప్పినదానికీ, మేజిస్ట్రేటు ముందు చెప్పినదానికీ తేదీల్లో తేడాలొచ్చాయి. వేరే సాక్షులు లేరు. కేసు పోతుందంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, కదిరి

జవాబు: తేదీలు కలవనంత మాత్రాన కేసు పోదు. ఇంతమంది సాక్షులు ఉండి తీరాలన్న లెక్క మన సాక్ష్య చట్టంలో లేదు. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి మాట నమ్మదగినదైతే దానికి వేరే ఆధారం తోడవ్వాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 1996లోనే గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. 2025 డిసెంబర్‌లో బెంగళూరు పీణ్య పోలీసులు పెట్టిన కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. అక్రమ రవాణాకు గురైన బాలికను నేరంలో భాగస్వామిగా చూడకూడదు, గాయపడిన సాక్షి మాటకు ఇచ్చే విలువే ఆమె మాటకూ ఇవ్వాలి అంది. ఈ ముఠాల్లో మాయమాటలు చెప్పి తీసుకెళ్లేవాళ్లు ఒకరు, దాచేవాళ్లు ఇంకొకరు. అంతా పూసగుచ్చినట్టు చెప్పలేదని ఆమెను అనుమానించడం తగదు. ఆ తీర్పు మైనరు బాలిక విషయంలో వచ్చింది. మీ అమ్మాయి వయసు మీరు రాయలేదు, ఆ సంగతి మీ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ)తో మాట్లాడండి.

ఇంకొక మాట. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం దానంతట అది సాక్ష్యం కాదు. మేజిస్ట్రేటు ముందు ఇచ్చినదానికి బరువెక్కువే గానీ, అసలు సాక్ష్యం కోర్టులో చెప్పేదే. అందుకని తేదీలు బట్టీ పట్టించకండి. గుర్తున్నది చెప్పమనండి, గుర్తులేనిదాన్ని గుర్తులేదనమనండి. నేర్పించిన మాట క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇట్టే బయటపడుతుంది.

ప్రశ్న: బాధితుల ఆశ్రయ గృహంలో కౌన్సెలర్‌ని. ‘ఫోను నీ దగ్గరే ఉంది, డబ్బూ తీసుకున్నావు, ఎందుకు పారిపోలేదు?’ అని డిఫెన్స్ లాయర్లు అడుగుతారు. అమ్మాయిలకు నోట మాట రాదు. వాళ్లు ఎందుకు పారిపోలేకపోయారో నేను కోర్టుకు చెప్పవచ్చా?
– ఒక కౌన్సెలర్, అనంతపురం

జవాబు: చెప్పవచ్చు. ముందు చట్టం సంగతి. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద అక్రమ రవాణా జరిగిందా లేదా తేల్చేటప్పుడు బాధితురాలి సమ్మతికి విలువ లేదని ఆ సెక్షన్ వివరణే చెబుతోంది. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు వర్తించే ఐపీసీ 370లోనూ ఇదే మాట ఉంది. అయినా ‘పారిపోలేదే’ అన్న ప్రశ్న ఆమె చెప్పేది అబద్ధమనిపించడానికి పనికొస్తుంది. అప్పు, ఇంట్లోవాళ్లను ఏమైనా చేస్తారన్న బెదిరింపు, ఊళ్లో పరువు, కొట్టినవాడే అన్నం పెట్టడం – తాళం లేని గదిలో కూడా మనిషిని కట్టిపడేసేవి ఇవే. ఇది జడ్జికి వివరించగలిగేది నిపుణులే.

భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ శాస్త్రం, కళలతోపాటు ‘ఇతర ఏ రంగంలోనైనా’ ప్రత్యేక నైపుణ్యం ఉన్నవారి అభిప్రాయాన్ని అనుమతిస్తోంది. మీ చదువు, అనుభవం ముందు రుజువు చేసుకోవాలి. ఆపైన రెండు మాటల్ని వేరుగా ఉంచండి. ఆ అమ్మాయి నిద్రపోయేది కాదు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది అనేది మీరు కళ్లారా చూసింది. అలా ఎందుకు జరుగుతుందనేది మీ అభిప్రాయం. ‘ఆమె నిజమే చెబుతోంది’ అని మాత్రం అనకండి. అది తేల్చాల్సింది జడ్జి. నిపుణుడు తన నిర్ణయాన్నే కాదు, దానికి ఆధారమైన కొలమానాలనూ కోర్టు ముందు పెట్టాలని 1999లో జైలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రశ్న: వయసు నిర్ధారణ కేసులో సాక్ష్యానికి సమన్లు వచ్చాయి. ఎముకల పరీక్షలో 17–18 ఏళ్లని రాశాను. ఏ వయసు చెప్పాలి?
– ప్రభుత్వ వైద్యుడు, నల్లగొండ

జవాబు: రాసిందే చెప్పండి, ఒక అంకెకు కుదించకండి. ఎముకల పరీక్షలో అటూ ఇటూ రెండేళ్ల తేడాకు అవకాశం ఉందని 1982 నుంచీ కోర్టులు అంటున్నాయి. దాన్ని మీరే ముందుగా చెబితే క్రాస్‌లో మిమ్మల్ని ఇరుకున పెట్టడానికి ఏమీ మిగలదు. పైగా మీ పరీక్ష చివరి మెట్టు. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు స్కూలు లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. చూపుకు పెద్దగా కనిపించడం లెక్కలోకి రాదు. 2018లో యాదగిరిగుట్టలో విడిపించిన చిన్నపిల్లలకు త్వరగా ఎదగాలని హార్మోను ఇంజెక్షన్లు ఇచ్చారని పోలీసులు ఆరోపించడం మీకు గుర్తుండే ఉంటుంది.

ప్రశ్న: దళారీ పంపిన వాట్సాప్ మెసేజీలు, ఫోన్‌పే చెల్లింపులు ఉన్నాయి. ప్రింటు తీసి ఇస్తే చాలా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చాలదు. సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగంపై పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, రెండో భాగంపై నిపుణుడు సంతకం చేయాలి. ఫోనులో ఏదీ చెరపకుండా దర్యాప్తు అధికారికి అప్పగించి రసీదు తీసుకోండి. ఇలాంటి ఆధారం ఎంత గట్టిగా ఉంటే బోనులో బాధితురాలిపై అంత భారం తగ్గుతుంది.

ప్రశ్న: మా చెల్లికి పెళ్లయింది. అత్తింటివారికి పాత సంగతి తెలియదు. ఇప్పుడు ముంబై కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. నిందితుడి ఎదుట నిలబడాలంటే వణికిపోతోంది. వెళ్లకపోతే ఏమవుతుంది?
– ఒక అక్క, వరంగల్

జవాబు: సమన్లను పక్కన పడేస్తే వారెంటు రావచ్చు, అప్పుడు గుట్టు అసలే దాగదు. అత్తింటి చిరునామాకు కాగితాలు రాకుండా చూడమని, వరంగల్ నుంచే వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోమని పీపీ ద్వారా కోర్టును కోరండి. వీడియో సాక్ష్యం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. నిందితుడు కనిపించకుండా తెర కట్టాలని, ఇబ్బందికరమైన క్రాస్ ప్రశ్నలు రాతపూర్వకంగా జడ్జికిస్తే ఆయనే అడగాలని 2004లో ‘సాక్షి’ అనే సంస్థ వేసిన కేసులో, ఇలాంటి సాక్షులకు జిల్లాల్లో ప్రత్యేక కేంద్రాలు ఉండాలని 2022లో చెప్పింది. అత్యాచారం, పోక్సో సెక్షన్లు ఉంటే విచారణ మూసిన తలుపుల వెనకే సాగుతుంది.

ఎవరైనా బెదిరిస్తే 2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టండి. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ దాన్ని పరిశీలిస్తుంది.

లాయరు ఖర్చుకు వెనకాడకండి. అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలోని ఆ సంస్థ కార్యాలయానికి వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వాయిదా తేదీకి ముందే వెళ్లండి. వీడియో ఏర్పాటుకు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి, దానికి సమయం కావాలి.