కొబ్బరి పువ్వు చెప్పే పాఠం

పాఠ్యభాగ ఉద్దేశం: క్యాన్సర్ కణాలు మందులకు లొంగకపోవడంలో కొవ్వుల జీవక్రియకు గల పాత్రను తెలపడం, కీమోథెరపీకి బాటవేసిన తెలుగు శాస్త్రవేత్త కృషిని పరిచయం చేయడం.

పూండి పరిసరాల్లోని ఉద్దానం తోటల్లో మొలకెత్తిన కొబ్బరికాయను పగులగొడితే లోపల దూదివంటి తెల్లని పువ్వు కనిపిస్తుంది. పిల్లలు దానిని ఇష్టంగా తింటారు. నిజానికది పుష్పం కాదు. మొలక తన ఆహారం కోసం పెంచుకొన్న అంగం. కొబ్బరిలోని నూనెను విచ్ఛిన్నం చేసి పీల్చుకొని, వేరు నేలలో నాటుకొనే వరకు అది మొలకను పోషిస్తుంది. జీవికి కొవ్వు కష్టకాలానికి దాచుకొన్న ధనం. ఈ ప్రకృతి ధర్మాన్నే క్యాన్సర్ కణం కూడ తన రక్షణకు వాడుకొంటుంది.

క్యాన్సర్‌ను మందులతో ఎదుర్కొనే చికిత్సయే కీమోథెరపీ. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుకు దాని ఆరంభచరిత్రలో విశిష్టస్థానం ఉంది. అమెరికాలో ఆయన సైరస్ ఫిస్కేతో కలిసి కండరాలను పరిశోధించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గుర్తించారు. కణం చేసే పనులకు శక్తినిచ్చేది ఈ ఏ.టి.పి.యే. అనంతరం లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన, ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకొనే అమినోప్టెరిన్ రూపొందింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. 1948లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. కాని ఆ ఉపశమనం తాత్కాలికమే, వ్యాధి తిరగబెట్టింది. ఆ సంవత్సరమే సుబ్బారావు అస్తమించారు.

ఒకసారి లొంగిన వ్యాధి మరల ఎందుకు విజృంభిస్తుంది? కారణాలు అనేకం. వాటిలో కొవ్వుల జీవక్రియ ఒకటి. క్యాన్సర్ కణాలు కొవ్వు ఆమ్లాలను స్వయంగా తయారుచేసుకొంటాయి. ఇరుగుపొరుగు కణాల నుండి కూడ గ్రహిస్తాయి. అండాశయ క్యాన్సర్ తరచుగా పేగులను కప్పి ఉండే కొవ్వుపొరకు వ్యాపించి, కొబ్బరి పువ్వువలె అక్కడి కొవ్వును పీల్చుకొంటుంది. ఆ కొవ్వును మైటోకాండ్రియాలో దహించి ఏ.టి.పి.ని పొందుతుంది. కణంలో ప్రవేశించిన మందును వెలుపలికి నెట్టివేసే కొన్ని ప్రోటీన్లు పనిచేసేది ఈ శక్తితోనే. అంతేకాక, కణత్వచంలోని కొవ్వుల కూర్పు మారినపుడు కొన్ని మందులు లోనికి చొరబడడం కష్టమవుతుంది.

ఈ ఆహారమార్గాన్ని మూసివేసే మందులపై ప్రయోగాలు సాగుతున్నాయి. అయితే భోజనంలో నూనె మానితే క్యాన్సర్ నశిస్తుందని భావించరాదు. వ్యాధి తగ్గినట్లు కనిపించగానే చికిత్స నడుమ ఆపరాదు. మిగిలిన కొద్ది కణాలే మరల వ్యాధికి బీజాలు కావచ్చు. పలు మందులను కలిపి, నియమిత కాలం వాడడం వల్లనే నేడు సరైన చికిత్స అందిన పిల్లల్లో అత్యధికులు లింఫోబ్లాస్టిక్ రక్తక్యాన్సర్ నుండి బయటపడుతున్నారు. వారికిచ్చే మందులలో అమినోప్టెరిన్‌కు సోదరి వంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.

కణశక్తి, క్యాన్సర్ ఔషధం అనేవి సుబ్బారావు వేర్వేరుగా సాగించిన రెండు పరిశోధనలు. ఆ రెండు దారులు నేడు ఒకేచోట కలుస్తున్నాయి.

కఠిన పదాలకు అర్థాలు
విజృంభించు = చెలరేగు
ఉపశమనం = తగ్గుదల
కణత్వచం = కణాన్ని చుట్టి ఉండే పొర

ప్రశ్నలు
1. కొబ్బరి పువ్వుకు, క్యాన్సర్ కణానికి గల పోలికను వివరించండి.
2. సుబ్బారావు పరిశోధనల ప్రాధాన్యాన్ని తెలపండి.
3. చికిత్సను నడుమ ఆపరాదనడానికి కారణమేమి?